తరచుగా అడిగే ప్రశ్నలు: రంగు అంటే ఏంది, మన కంటికి అదెట్లా తెలుస్తాది

తిరుపతిలో మాది చిన్న మ్యాచింగ్ సెంటర్. జాకెట్టు ముక్కలు, ఫాల్స్, లైనింగులు, లంగాలు, ఇదే యాపారం. డిగ్రీలో ఫిజిక్స్ చదివి నాయన తర్వాత కౌంటర్లో కూచున్నా. చీర చేత్తో పట్టుకొచ్చే అక్కలు అడిగే డౌట్లు, వాళ్ల పిల్లోళ్లు హోంవర్క్ కోసం వాట్సాప్‌లో పంపే డౌట్లు, రెండూ తిరిగి తిరిగి అవే. ఒక్కొక్కరికీ టైప్ చేసి చేసి చేతులు నొప్పి పుట్టి ఇక్కడ ఒకేచోట రాసి పెడతా ఉండా. వరసగా చదవాల్సిన పన్లేదు, మీ డౌటు యాడుందో అది చదువుకోండి చాలు.

## ముందు బేసిక్స్

అసలు రంగు గుడ్డలో ఉంటాదా, వెలుతురులో ఉంటాదా, కంట్లో ఉంటాదా?

మూడూ కలిస్తేనే రంగు, ఒకటి తప్పుకున్నా లేదు. వెలుతురు అంటే అలలు. వాటిలో సుమారు 380 నుంచి 750 నానోమీటర్ల పొడుగుండేవి మాత్రమే మనకు కనపడతాయి, నానోమీటర్ అంటే మిల్లీమీటర్‌ను పది లక్షల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క. ఎర్ర జాకెట్టు ముక్క మీద తెల్ల వెలుతురు పడిందనుకోండి, దాంట్లోని అద్దకం పొట్టి అలల్ని, మధ్యరకం అలల్ని మింగేసి పొడుగు అలల్ని మాత్రం బయటికి తోసేస్తాది, అవి మన కంట్లో పడతాయి, మెదడు దానికి 'ఎరుపు' అని అర్థం చెప్పుకుంటాది. కిరణాలకు సొంతంగా రంగేమీ లేదు, మనలో రంగు అనిపించే శక్తి మాత్రమే వాటికుంది అని న్యూటనే రాసి పెట్టినాడు. కాబట్టి చీకట్లో బీరువాలో ఉన్న ఎర్ర చీర ఎరుపా కాదా అంటే, ఆ టైములో అది ఎర్రగా కనపడగల చీర, అంతే.

ఇంద్రధనుస్సులో నిజంగా ఏడు రంగులేనా? నేను ఎన్నిసార్లు లెక్కపెట్టినా అయిదే వస్తా ఉండాయి

మీ కంటికేం కాలేదు. అక్కడ గీత గీసినట్టు ఏడు పట్టీలు లేవు, ఒక చివర నుంచి ఇంకో చివరకు జారిపోతా ఉండే ఒకటే పట్టీ. న్యూటన్ 1666 ప్రాంతంలో గాజు పట్టకంతో ఎండను విడగొట్టి చూసినప్పుడు మొదట అయిదే చెప్పినాడు, తర్వాత సంగీతంలో ఏడు స్వరాలున్నట్టు ఇక్కడా ఏడుండాలని నారింజ, ఇండిగో చేర్చినాడు. ఆ లెక్కే మన పిల్లోళ్లు 'విబ్జియార్' అని బట్టీ కొడతా ఉండారు. పరీక్షలో మాత్రం ఏడనే రాయండి, లేకుంటే మార్కులు పోతాయి.

స్కూల్లో ఎరుపు, పసుపు, నీలం అన్నారు. ఫోన్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంటారు. ప్రింటింగ్ ప్రెస్సోళ్లు ఇంకేదో అంటారు. ఎవురిది కరెక్టు?

దీనికి చదవడం కన్నా చూడటం మేలు. ఫోన్లో తెల్ల పేజీ తెరిచి, దాని మీద వేలితో చిన్న నీటి చుక్క పెట్టండి, ఆవగింజంత చాలు. చుక్క భూతద్దంలా పనిచేసి లోపల ఎర్ర, ఆకుపచ్చ, నీలం చుక్కలు వరసగా కనపడతాయి, తెలుపు అనేది యాడా ఉండదు. ఇప్పుడు ఇంట్లో ఉన్న కలర్ పెళ్లి పత్రిక తీసి మంచి భూతద్దంతో చూడండి, అక్కడ లేత నీలం, రాణీ కలర్, పసుపు, నలుపు చుక్కలు.

ఫోన్ చీకటి నుంచి మొదలై వెలుతురు కలుపుకుంటా పోతాది, ఎరుపు వెలుతురు మీద ఆకుపచ్చ వెలుతురు పడితే పసుపు వస్తాది, మూడూ పడితే తెలుపు. ప్రెస్సు తెల్ల కాయితం నుంచి మొదలై ఒక్కో ఇంకుతో వెలుతురును తగ్గించుకుంటా పోతాది, మూడు ఇంకులూ పడితే ఒక మాదిరి మట్టి నలుపు వస్తాది, అందుకే నలుపు ఇంకు విడిగా పెడతారు. స్కూల్లో చెప్పేది పాతకాలం పెయింటర్ల లెక్క, పెయింటు డబ్బాలతో ఆడుకోవడానికి పర్లేదు గానీ దాంతో మంచి వంకాయ రంగు కలపమంటే బురద వస్తాది. మూడే ఎందుకంటే మన కంట్లో రంగును పట్టే కణాలు మూడు రకాలే, నాలుగుంటే ఫోన్లోనూ నాలుగు చుక్కలు పెట్టుండాల్సిందేమో.

నలుపు, తెలుపు కూడా రంగులేనా?

ఫిజిక్స్ సారు అయితే కాదంటాడు, చీరల షాపులో అయితే ముమ్మాటికీ రంగులే. వచ్చిన వెలుతురును దాదాపు అంతా మింగేస్తే నలుపు, దాదాపు అంతా తిప్పి పంపితే తెలుపు. మింగిన వెలుతురు వేడిగా మారతాది, మే నెలలో నల్ల చొక్కా వేసుకుని బండి మీద పోయినోళ్లకు నేను చెప్పక్కర్లేదు.

బ్రౌన్, రాణీ కలర్, బంగారు రంగు ఇంద్రధనుస్సులో ఎందుకు లేవు?

మూడింటికీ మూడు కారణాలు. రాణీ కలర్ అంటే ఎరుపూ నీలమూ రెండూ ఉండి మధ్యలో ఆకుపచ్చ లేకపోవడం. అలాంటి అల ఒక్కటంటే ఒక్కటి లేదు, మెదడు రెండు చివరల్ని పట్టి ముడేసి కొత్త రంగు తయారుచేసుకుంటాది. బ్రౌన్ అంటే నారింజే, కాకపోతే చుట్టూ ఉన్నవాటి కంటే మసకగా ఉన్న నారింజ. చీకటి గదిలో బ్రౌన్ గుడ్డ ఒక్కదాని మీదే గట్టిగా లైటు కొట్టి, చుట్టూ ఏమీ కనపడకుండా చేస్తే అది నారింజలాగే ఉంటాది, అందుకే బ్రౌన్ కలర్ టార్చిలైటు యాడా దొరకదు. బంగారు రంగయితే రంగు కూడా కాదు, పసుపు మీద మెరుపు. తల కొంచెం కదిపితే మెరుపు చోటు మారాల, అప్పుడే కంటికి బంగారం అనిపిస్తాది. ఆనంద నిలయం గోపురం ఫోటో ఎంత మంచి ఫోన్లో తీసినా ఆవపిండి రంగులో ఉండేది ఇందుకే.

ఆకాశం నీలంగా ఎందుకుంటాది? సముద్రం నీడ పడా?

సముద్రం లేని చిత్తూరులో కూడా ఆకాశం నీలమే కదబ్బా. గాలిలోని అణువులు పొట్టి అలల్ని ఎక్కువగా చెదరగొడతాయి, అల పొడుగు సగమైతే చెదిరేది పదహారు రెట్లు, దీన్ని రేలీ అనే శాస్త్రవేత్త లెక్క కట్టినాడు. ఊదా రంగు అల ఇంకా పొట్టి కదా, ఆకాశం ఊదాగా ఉండాల కదా అని ఒక పిల్లోడు అడిగినాడు, మంచి ప్రశ్న. ఎండలో ఊదా తక్కువ, పైగా మన కంటికి ఊదా అంత గట్టిగా తగలదు, అందుకని నీలం గెలుస్తాది. సముద్రం నీలం ఆకాశం నీడ మాత్రమే అన్న మాటను 1921లో ఓడ ప్రయాణంలో సి.వి. రామన్ పరీక్షించి కాదని తేల్చినాడు, నీటి అణువులు కూడా వెలుతురును చెదరగొడతాయని. ఆ దారిలోనే పోయి 1928లో రామన్ ఎఫెక్ట్, 1930లో నోబెల్.

'పచ్చ' అంటే పసుపా, ఆకుపచ్చా? మా అవ్వ ఒకటి చెప్తాది, షాపులో ఇంకోటి ఇస్తారు

మా కౌంటర్లో జరిగే గొడవల్లో సగం ఇదే. తెలుగులో 'పచ్చ' రెండింటికీ ఉండాది. పచ్చ కామెర్లంటే కళ్లు పసుపు రంగు, పచ్చని పొలం అంటే ఆకు రంగు, పచ్చరాయి ఆకుపచ్చ, 'పచ్చగా పండిన నిమ్మకాయ' మళ్లీ పసుపు. ఎవురైనా పెద్దామె వచ్చి పచ్చ జాకెట్టు ముక్క ఇమ్మంటే నేను రెండు తాన్లూ తీసి పెడతా, అడగను.

ఇది మన భాష లోపం కాదు. రంగుల పట్టీ గీతల్లేని పట్టీ కాబట్టి ఏ భాష యాడ కోసుకుంటే అదే పేరు. బెర్లిన్, కే అనే ఇద్దరు 1969లో చాలా భాషల రంగుల పేర్లు పోల్చి చూసినారు, భాషల్లో పేర్లు ఇష్టమొచ్చినట్టు కాకుండా ఒక రకమైన వరసలో పుడతాయని, ముందు నలుపు తెలుపు, తర్వాత ఎరుపు, ఆ తర్వాతే పసుపు ఆకుపచ్చలు, ఆపైన నీలం అని చెప్పినారు. దాని మీద వాదనలు ఇంకా ఉండాయి. కానీ పేరు లేనంత మాత్రాన కంటికి తేడా తెలీకుండా పోదు, చిలకపచ్చకూ మామిడి చిగురుకూ తేడా చెప్పలేని చీరల కస్టమర్‌ను నేనింతవరకు చూడలా.

## కంటి లోపలి సంగతులు

కంట్లో రంగును పట్టేది ఏది?

కంటి వెనక గోడకు రెటీనా అనే పొర ఉంటాది, దాంట్లో రెండు రకాల కణాలు. దండ కణాలు సుమారు 12 కోట్లు, ఇవి చీకట్లో పనికొస్తాయి, రంగు తెలీదు. శంకు కణాలు సుమారు 60 లక్షలు, రంగు వీటి పనే. శంకువుల్లో మళ్లీ మూడు జాతులు, ఒకటి 420 నానోమీటర్ల దగ్గర, ఒకటి 530 దగ్గర, ఒకటి 560 దగ్గర గట్టిగా స్పందిస్తాది. చూడండి, చివరి రెండూ ఎంత దగ్గరగా ఉండాయో. ఎరుపూ ఆకుపచ్చా తేడా అంతా ఆ సన్న సందులో మెదడు తీసే తీసివేత లెక్క. ఒక్కో కణానికి విడిగా ఏ రంగూ తెలీదు, నాకింత వెలుతురు తగిలింది అని మాత్రం చెప్తాది, మూడింటి మాటా పోల్చి మెదడు రంగు చెప్తాది. కంట్లో ఇట్లా మూడు రకాలుంటాయని థామస్ యంగ్ అనే శాస్త్రవేత్త 1802లోనే ఊహించినాడు, అప్పటికి ఆ కణాల రకాలు ఎవురూ కళ్లతో చూసింది లేదు.

సాయంత్రం చీకటి పడతా ఉంటే ఎరుపు ఎందుకు నల్లబడతాది?

మీ పెరట్లో మందార చెట్టు ఉంటే ఒక సాయంత్రం లైటు వేయకుండా అక్కడ కూచోండి. పగలు పువ్వు మండిపోతా ఉంటాది, ఆకు వెనక ఉంటాది. పొద్దు గుంకిన ఇరవై నిమిషాలకు తిరగబడతాది, పువ్వు నల్లటి ముద్దయిపోతాది, ఆకులు బూడిద రంగులో పువ్వు కంటే వెలుగ్గా కనపడతాయి. చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే 19వ శతాబ్దం మొదట్లో పూల దగ్గరే ఇది గమనించినాడు కాబట్టి ఆయన పేరే పెట్టినారు. వెలుతురు తగ్గేకొద్దీ శంకు కణాలు చేతులెత్తేస్తాయి, దండ కణాలు డ్యూటీకి వస్తాయి. దండ కణాలకు 500 నానోమీటర్ల దగ్గర బాగా తెలుస్తాది, ఎరుపు దాదాపు తెలీనే తెలీదు. పూర్తిగా చీకటికి అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడతాది, మధ్యలో ఒక్కసారి ఫోన్ చూసినా లెక్క మళ్లీ మొదటికి.

ఎర్ర చీరను చాలాసేపు చూసి తెల్ల గోడ చూస్తే ఆకుపచ్చ మచ్చ కనపడింది, కళ్లు చెడిపోయినాయా?

లేదు. ఎరుపుకు స్పందించే కణాలు అలిసిపోయినాయి, గోడ మీది తెలుపులోంచి ఎరుపు వంతు తక్కువగా అందింది, మిగిలింది నీలం కలిసిన ఆకుపచ్చ. అర నిమిషంలో పోతాది. ఆపరేషన్ థియేటర్లో డాక్టర్ల బట్టలు ఆకుపచ్చగా ఉండేదానికి ఒక కారణం ఇదే, రక్తం చూసి చూసి పక్కకు చూసినప్పుడు తెల్ల బట్ట మీద మచ్చలు తేలకుండా. మెదడు ఎరుపు–ఆకుపచ్చ, నీలం–పసుపు అని జోడీలు కట్టి లెక్క చూస్తాదని హెరింగ్ అనే జర్మన్ ఆయన చెప్పినాడు, ఎర్రటి ఆకుపచ్చ అనే రంగును మీరెప్పుడూ ఊహించలేకపోవడం కూడా అందుకే.

అదే జాకెట్టు ముక్క ఈ చీర పక్కన లేతగా, ఆ చీర పక్కన ముదురుగా ఎందుకు?

పారిస్‌లో గోబెలాఁ అనే రాజుగారి తివాచీల కార్ఖానాలో 1820ల్లో ఇదే గొడవ. నల్ల దారం సరిగా అద్దలేదు, వెలిసిపోయినట్టుంది అని నేతగాళ్లు మొత్తుకుంటా ఉంటే, అద్దకాల పెద్ద షెవ్రెల్ పరీక్ష చేసి చూసినాడు, దారంలో ఏ లోపమూ లేదు. పక్కన నీలం దారం ఉన్నప్పుడే నలుపు చప్పగా కనపడతా ఉంది. కన్ను దేన్నీ ఒంటరిగా చూడదు, పక్కదానితో పోల్చి తేడాను పెంచి చూపిస్తాది. దీని మీదే 1839లో ఆయన పెద్ద గ్రంథం వేసినాడు. కాబట్టి జాకెట్టు ముక్కను తాను మీద పెట్టి చూడొద్దు, చీర బార్డర్ మీదే పరిచి చూడండి.

2015లో నెట్‌లో తిరిగిన ఒక డ్రెస్సు ఫోటో కొందరికి నీలం–నలుపు, కొందరికి తెలుపు–బంగారు కనపడింది కదా, అదేంది?

ఆ డ్రెస్సు అసలు రంగు నీలం–నలుపే. మెదడు ఎప్పుడూ లైటు రంగును తీసేసి వస్తువు రంగు చూపించాలని చూస్తాది, దానివల్లే పొద్దున ఎండలోనూ సాయంత్రం ఎండలోనూ మీ తెల్ల పంచె తెల్లగానే ఉంటాది. ఆ ఫోటోలో లైటు ఎట్లాంటిదో తెలిసే గుర్తులు తక్కువ. నీడలో తీసుంటారనుకున్నోళ్ల మెదడు నీలాన్ని నీడ ఖాతాలో తీసేసింది, వాళ్లకు తెలుపు. గట్టి పసుపు లైటు అనుకున్నోళ్లకు నీలం. మా ఇంట్లో నేనూ నా భార్యా ఇప్పటికీ ఒప్పుకోలా.

ఎద్దుకు ఎర్ర గుడ్డ చూపిస్తే కోపం వస్తాదా?

ఎద్దుకు ఎరుపు ఎరుపుగా తెలిస్తే కదా. పశువులకు రంగు కణాలు రెండు రకాలే. కదలిక, గోల, మనుషుల తోపులాట, వాటికి బెదిరి పరిగెత్తుతాది. రంగంపేట పశువుల పండక్కి పోయినోళ్లను అడగండి, అక్కడ కొమ్ములకు పూసిన రంగులన్నీ మనకోసమే, ఎద్దుకోసం కాదు. కుక్కలకూ రెండు రకాలే. తేనెటీగలకు మనకు కనపడని అతినీలలోహిత కాంతి కూడా కనపడతాది, మనకు ఉత్త పసుపుగా ఉండే పువ్వు మీద వాటికి దారి గుర్తులుంటాయి.

మా వాడు ఎరుపూ ఆకుపచ్చా కలిపేస్తా ఉండాడు. వర్ణాంధత్వమా? డ్రైవింగ్ లైసెన్సు ఇస్తారా?

అయ్యుండొచ్చు, కంటి డాక్టరు దగ్గర ఇషిహారా చుక్కల బొమ్మలతో పది నిమిషాల్లో తేలిపోతాది, ఆ పరీక్ష 1917 నుంచి ఉండాది. పేరు అంధత్వం అయినా గుడ్డితనం కాదు, రంగులన్నీ పోవు, కొన్ని రంగుల మధ్య తేడా చెరిగిపోతాది. మాగిన టమాటా, పచ్చి టమాటా పక్కపక్కన పెడితే తడబడతారు.

మగపిల్లల్లోనే ఎక్కువ ఎందుకంటే ఆ జీన్లు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి. అబ్బాయికి ఎక్స్ ఒకటే, అది తల్లి నుంచి వస్తాది. తల్లికి రెండున్నాయి కాబట్టి ఒకటి చెడ్డా ఇంకోటి కాచుకుంటాది, ఆమెకు తెలీనే తెలీదు. ఇది విని కోడల్ని అనే అత్తలు ఉంటారు, దయచేసి వద్దు, ఆమెకు అది వాళ్ల నాయన నుంచో అమ్మ నుంచో వచ్చింటాది, ఎవురి తప్పూ కాదు. అణువుల సిద్ధాంతం చెప్పిన డాల్టన్‌కే ఈ ఇబ్బంది ఉండేది, 1794లో తన చూపు గురించి తానే ప్రసంగం చేసినాడు. చనిపోయాక దాచిపెట్టిన ఆయన కంట్లోంచి డీఎన్ఏ తీసి 1995లో ఆయనకు ఏ రకం లోపమో కూడా తేల్చినారు.

లైసెన్సు సంగతి: 2020 జూన్‌లో కేంద్ర రవాణా శాఖ రూల్స్ మార్చింది, తక్కువ, మధ్యరకం లోపం ఉన్నోళ్లకు ఇవ్వచ్చు, తీవ్రంగా ఉంటే కాదు. రైలు నడిపే ఉద్యోగానికి మాత్రం రంగుల చూపు తప్పనిసరి, దానికి కోచింగ్ ఫీజు కట్టకముందే కన్ను చూపించుకోండి. పుట్టుకతో వచ్చినదాన్ని పోగొట్టే మందు, కళ్లజోడు లేవు. యాడ్స్‌లో చూపించే రంగు కళ్లద్దాలు కొన్ని రంగుల తేడాను పెంచి చూపిస్తాయంతే.

## షాపులో ఉన్నప్పుడు

షాపులో సరిగ్గా మ్యాచ్ అయ్యింది, బయటికొస్తే వేరే రంగు. మోసం చేసినారా?

మోసం కాదు, కానీ చూపించే తీరులో తప్పు మాదే, ఒప్పుకుంటా. కొన్నేళ్ల కిందట కొత్తగా ఎల్ఈడీ లైట్లు పెట్టించిన వారమే ఒకామె వంకాయ రంగు పట్టుచీర తెచ్చింది, రాత్రి ఎనిమిది అయింటాది, తొమ్మిది తాన్లు దించి టూ బై టూ కాటన్ గుడ్డలో ఒకటి తేల్చినాము, చీర మీద పెడితే ముక్క యాడుందో తెలీనంత బాగా కలిసింది. నాలుగు రోజులకు కుట్టించిన జాకెట్టు చేత్తో పట్టుకుని పొద్దున్నే వచ్చింది. గడప దగ్గర ఎండలో పట్టి చూపించింది, చీర నీలం వైపు పోయింది, జాకెట్టు బీట్‌రూట్ అయిపోయింది. నాకు నోట మాట రాలా. గుడ్డ డబ్బులూ కుట్టుకూలీ రెండూ ఇచ్చేసినా.

దీన్ని మెటామెరిజం అంటారు. కంట్లో మూడు రకాల కణాలే ఉండాయి కాబట్టి ఆ మూడూ చెప్పే లెక్క సమానమైతే చాలు, రెండు గుడ్డల్నుంచి వచ్చే వెలుతురు లోలోపల పూర్తిగా వేరైనా మెదడుకు ఒకటే రంగు. పట్టుకు పట్టే అద్దకం వేరే, కాటన్‌కు పట్టే అద్దకం వేరే. ఒక లైటు కింద రెండు లెక్కలూ సరిపోతాయి, లైటు మారగానే ఒకటి అటు, ఒకటి ఇటు పోతాది. అప్పట్నుంచి ఎవురొచ్చినా చీరా ముక్కా చేతికిచ్చి గడప దాటిస్తా, నేరుగా ఎండలో కాదు, నీడ పట్టున. తర్వాత లోపల పసుపు బల్బు కింద ఇంకోసారి, ఎందుకంటే కల్యాణ మండపంలో ఉండేవి అవే. పొద్దు గుంకినాక పట్టుచీర తెస్తే రేపు రమ్మంటా, సగం మంది పక్క షాపుకు పోతారు, పోనీ.

ఇంట్లో రంగులు సరిగా తెలియాలంటే ఏ లైటు కొనాల?

వాట్లు కాదు, డబ్బా మీద సీఆర్ఐ నంబరు చూడండి. 100కి ఎంత దగ్గరైతే రంగులు అంత సహజంగా ఉంటాయి, మామూలు ఎల్ఈడీ 80 దగ్గర ఉంటాది, బట్టలకు, అద్దం ముందు మేకప్‌కు 90 దాటినది తీసుకోండి. కెల్విన్ నంబరు వేరే సంగతి, 2700 అంటే పసుపు, 6500 అంటే తెల్లగా చల్లగా. మామూలు తెల్ల ఎల్ఈడీ లోపల ఉండేది నీలం చిప్పు, దాని మీద పసుపు వెలుతురు ఇచ్చే పూత, రెండూ కలిసి తెలుపనిపిస్తాయి. ముదురు ఎరుపు దాంట్లో తక్కువ, అందుకే మెరూన్ చీరలు దాని కింద చచ్చినట్టుంటాయి. ఆ నీలం ఎల్ఈడీ కనిపెట్టినందుకే 2014లో ముగ్గురు జపాన్‌లో పుట్టినోళ్లకు నోబెల్ వచ్చింది.

వాట్సాప్ ఫోటోలో ఒక రంగు, పార్సిల్ విప్పితే ఇంకో రంగు, ఎందుకన్నా?

ఫోన్ కెమెరా లైటు రంగును అంచనా వేసి ఫోటోను తనంతట తానే సరిచేస్తాది. ఫ్రేమ్ నిండా ఒకటే ఆరెంజ్ చీర ఉంటే లైటే ఆరెంజ్ అనుకుని రంగు తగ్గించేస్తాది. పక్కన ఒక తెల్ల కాయితం పెట్టి తీయమనండి, చాలావరకు దారికొస్తాది. కానీ ముదురు నెమలి కంఠం, రామా గ్రీన్ లాంటివి కొన్ని స్క్రీన్ చూపించగలిగే హద్దు దాటి ఉంటాయి, వాటిని ఎంత మంచి ఫోనైనా చూపించలేదు. అవి కొనాలంటే బస్సెక్కి రావాల్సిందే.

డబుల్ షేడ్ చీరకు ఏ రంగు జాకెట్టు తీసుకోవాల?

పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు పెట్టి నేస్తే ఆ షేడ్ వస్తాది. మా నగరి, పుత్తూరు వైపు నేత తెలిసినోళ్లను అడిగితే గుడ్డ అంచు పీకి రెండు దారాలు విడదీసి చూపిస్తారు, ఒకటి ఎరుపు, ఒకటి నీలం, చీర మాత్రం ఊదా. దూరం నుంచి దారాలు విడిగా తెలీక కంట్లోనే కలిసిపోతాయి, మడత తిరిగినచోట ఒక దారం పైకి తేలి ఆ రంగు మెరుస్తాది. జాకెట్టు ఆ రెండు దారాల్లో ఒకదాని రంగుకు తీసుకోండి, కలిసిన రంగుకు వెతికితే రోజంతా తిరిగినా దొరకదు.

నిజం నెమలి మెడ సంగతి మాత్రం వేరే. ఈకలో నీలం రంగు పదార్థమే లేదు, లోపల అతి సన్నటి నల్ల కడ్డీల వరసలు వెలుతురును పేర్చి నీలంగా తిప్పి పంపుతాయి. ఈకను నూరితే మట్టి రంగు పొడి వస్తాది.

ఎం.ఎస్. బ్లూ అంటే ఏ బ్లూ?

ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారు కట్టిన కంచిపట్టు చీరల నీలం, ఆమె పేరు మీదే నిలిచిపోయింది. ముదురు, కానీ నేవీ బ్లూ అంత చప్పగా ఉండదు. తిరుపతిలో ఆమె విగ్రహం ఉంది గదా చూసి చెప్పన్నా అన్నాడొకడు, అది కంచు విగ్రహం నాయనా.

## ఇంటికెళ్లాక

సాంబార్ మరకకు సబ్బు పెడితే ఎర్రగా అయిపోయింది, రంగు దిగిందా?

దిగలా. పసుపులో కుర్కుమిన్ ఉంటాది, క్షారం తగిలితే అది ఎర్రబడతాది, సబ్బు క్షారమే. దిష్టి తీయడానికి పసుపు నీళ్లలో సున్నం కలిపి ఎర్రనీళ్లు చేస్తారు కదా, అదే జరిగింది మీ చీర మీద. బాగా జాడిస్తే మళ్లీ పసుపు అవుతాది. ఆ తర్వాత ఎండలో ఆరేయండి, ఎండకు కుర్కుమిన్ విరిగిపోయి మరక తేలిపోతాది. మరక ఉండగా ఇస్త్రీ మాత్రం వద్దు. పట్టుచీరయితే ఇవేవీ చేయకుండా డ్రైక్లీనింగ్‌కు ఇచ్చేయండి.

కొత్త తెల్ల చొక్కా కొంచెం నీలంగా మెరుస్తాది, పాతబడితే పసుపెక్కుతాది, ఏంది కత?

కొత్త గుడ్డలో, సర్ఫ్ పొడిలో ఒక మందు ఉంటాది, కంటికి కనపడని అతినీలలోహిత కాంతిని పీల్చుకుని నీలం వెలుతురుగా వదులుతాది. పోను పోను ఆ మందు పోతాది, కాటన్ సొంత పసుపు బయటపడతాది. నీలిమందు చుక్కలు వేసేది కూడా పసుపును నీలంతో చంపడానికే, కాకపోతే అది వెలుతురు పుట్టించదు, కొంచెం తగ్గిస్తాది. ఎక్కువ చుక్కలు పడితే ఏమవుతాదో మన పెద్దాయనల పంచెలు చూస్తే తెలుస్తాది.

శ్రీకాళహస్తి కలంకారీలో నలుపు, ఎరుపు అంత గట్టిగా ఎట్లా పడతాయి?

గుడ్డను ముందు కరక్కాయ పొడి కలిపిన బర్రె పాలలో ముంచి ఆరేస్తారు. పాలలో కొవ్వు ఉండబట్టి కలం గీత పాకదు. నల్ల సిరా అంటే తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో వారాల తరబడి ఊరబెట్టిన పులుసు. గీసేటప్పుడు చూస్తే లేతగా ఉంటాది, ఇదేం నలుపు అనుకుంటారు, ఇనుము గుడ్డలోని కరక్కాయ వగరుతో కలిసేకొద్దీ కళ్ల ముందే నల్లబడతా పోతాది. ఎరుపు కావాల్సినచోట పటిక నీళ్లు పూసి, గుడ్డ మొత్తాన్ని ఎర్ర వేర్ల నీళ్లలో ఉడికిస్తారు, పటిక పడినచోటే రంగు నిలబడతాది, మిగతాది స్వర్ణముఖి నీళ్లలో పోతాది. అద్దకాన్ని దారానికి కట్టేసేది పటికలో ఉండే లోహమే. అందుకే నిజం కలంకారీ వెలిసినా మెల్లగా వెలుస్తాది.

అమ్మకు శుక్లం ఆపరేషన్ అయ్యాక గోడలన్నీ నీలంగా ఉండాయంటా ఉంది, భయపడాల్నా?

చాలామంది ఇట్లే అంటారు. వయసయ్యేకొద్దీ కంటి కటకం పసుపెక్కి నీలం వెలుతురును ఆపేస్తా ఉంటాది, అది ఏళ్ల తరబడి మెల్లగా జరిగేది కాబట్టి మెదడు సర్దుకుంటాది, మనిషికి తెలీదు. ఆపరేషన్‌లో ఆ పాత కటకం తీసి తేటది పెట్టగానే ఆగిపోయిన నీలమంతా ఒక్కసారి లోపలికి వస్తాది. కొన్ని వారాల్లో మెదడు మళ్లీ సర్దుకుంటాది. నొప్పి, ఎర్రదనం, చూపు మసకబారడం ఉంటే మాత్రం వెంటనే డాక్టరుకు చూపించండి.

మా అమ్మకు ముందు కుడికన్నుకే చేసినారు. కట్టు విప్పిన మర్నాడు ఒక కన్ను మూసి ఒకటి తెరిచి ఇల్లంతా చూసుకుంటా తిరిగింది, బీరువా తెరిచి పండగ చీర తీసింది, గంధం రంగని చెప్పి పదేళ్లుగా కట్టే చీర. ఎడమకంటితో గంధమే, కుడికంటితో పాల తెలుపు. ఇంట్లోనే మ్యాచింగ్ సెంటర్ పెట్టుకుని పదేళ్లు దీనికి గంధం జాకెట్టు ఇచ్చినావు కదరా అని నన్ను తిట్టింది.